సేటు మణికట్టు మీది అంకె

ఆ విజయదశమి పొద్దున పరకాల దాటాక వచ్చే పాత గ్రానైట్ క్వారీ గట్టు మీద ఉన్నవాళ్లం నలుగురం. మా డైవింగ్ స్కూల్ నడిపే ఓనరన్న, మట్టెవాడలో బట్టల దుకాణం ఉన్న ఒక సేటు, ఆ సేటు కూతురు, నేను. ఉన్న సామాను: గాలి నింపిన సిలిండర్లు ఆరు, నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకునే రెగ్యులేటర్ సెట్లు నాలుగు, సీసం బరువుల బెల్టులు, ప్రథమ చికిత్స పెట్టె, ఆపదకు ఉంచుకునే ఆక్సిజన్, పొడుగాటి తాడు ఒకటి, సేటు ఇంటి నుంచి వచ్చిన గారెల టిఫిన్ క్యారియర్. ముందురోజు ఆయుధ పూజ కాబట్టి అన్నిటి మీదా కుంకుమ బొట్లు ఉన్నాయి, టిఫిన్ క్యారియర్ మీద తప్ప.

నేను ఆ స్కూల్లో ఆరేళ్లు డైవింగ్ నేర్పాను. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఇప్పుడు మానేశాను. మానేశాను అనడం కంటే రిటైరయ్యాను అనడమే సరైన మాట. చెవుల డాక్టరు నా ఎడమ చెవిలోకి లైటు వేసి చూసి, "ఇగ నీళ్లల్ల మునుగుడు బంద్. బకెట్ల గూడ తలకాయ వెట్టకు" అన్నప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. రిటైరైనవాడికి ఒక హక్కు ఉంటుంది. తన తర్వాత వచ్చినవాళ్లకు వాళ్లు అడగకపోయినా పాత సంగతులు చెప్పడం. మీరైతే అడుగుతున్నారు కూడా. హనుమకొండ పూల్‌లో కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్ నుంచీ నాకు వచ్చే ఫోన్ ఒకటే: "అన్నా, గాలి ఎంతున్నదో చేతి మీదనే చూపెట్టే కంప్యూటర్ కొనాల్నా, వేస్టా?"

ఒక్క మాటలో జవాబు చెప్పి పెట్టేయవచ్చు. కానీ నా జవాబు ఆ దశమి రోజు నీళ్ల కింద, పావుగంటలో రెండుసార్లు మారింది. అది చెప్పకుండా జవాబు మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు.

కొత్తవాళ్ల కోసం ముందు కాస్త వివరం. నీళ్ల కింద మనం పీల్చేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. వీపు మీది సిలిండర్‌లో కుక్కి ఉంటుంది. నిండు సిలిండర్ అంటే సుమారు రెండు వందల బార్ ఒత్తిడి. అది యాభైకి దిగేసరికి తల నీళ్ల పైన ఉండాలి. ఎంత మిగిలిందో చూసుకోవడానికి పాత పద్ధతిలో రబ్బరు గొట్టం చివర ఒక ముల్లు గేజీ వేలాడుతుంది, స్కూటర్‌లో పెట్రోలు ముల్లు లాంటిదే. కొత్త పద్ధతిలో రెగ్యులేటర్ సెట్‌లో సిలిండర్ మీద బిగించే భాగానికి బొటనవేలంత ట్రాన్స్‌మిటర్ తగిలిస్తారు. అది గాలి ఒత్తిడిని కొలిచి, గొట్టం అక్కర్లేకుండా, మణికట్టు మీది కంప్యూటర్‌కు పంపుతుంది. లోతు, సమయం, మిగిలిన గాలి, ఈ తీరున పీలిస్తే ఇంకా ఎన్ని నిమిషాలు వస్తుంది, అన్నీ ఒకే తెర మీద పెద్ద అంకెల్లో కనిపిస్తాయి. ఏ ట్రాన్స్‌మిటర్ చెప్పేది ఏ కంప్యూటర్ వినాలో ముందుగా జత కలిపి పెట్టాలి. అంతే.

ఓనరన్న అలాంటివి రెండు జతలు కొన్నాడు. డబ్బా విప్పిన రోజే నాతో గొడవ మొదలైంది.

"ఇగ గా గొట్టాలు పీకేద్దం," అన్నాడు.

"వద్దన్నా. ముల్లు గేజీ ఉండనీ."

"ఎందుకురా బయ్? పెండ్లయినంక గూడ పెండ్లిళ్ల పేరయ్యను ఇంట్లనే వెట్టుకుంటమా?"

"కాపురం నిలవడ్డదాంక వెట్టుకుందం."

నా అభ్యంతరాలు నాకున్నాయి. బ్యాటరీ అయిపోతుంది. జత తెగిపోతుంది. ఏడాదికి ఒకసారి అండమాన్ పోయి నాలుగు డైవులు చేసేవాడికి అంత ఖరీదైన వస్తువు అనవసరం. అన్నిటికంటే ముఖ్యంగా, చేతి మీద అంకె కనబడుతుంటే మనిషి తన ఊపిరి లెక్క తాను వేసుకోవడం మానేస్తాడు. ఓనరన్న ఇవన్నీ విని, "నువ్వు కాలిక్యులేటర్ వచ్చినప్పుడు గూడ గిట్లనే ఏడ్శినవా?" అన్నాడు. చివరికి గేజీలను ఉంచేలా ఒప్పించాను. అవి సిలిండర్‌ను వీపుకు పట్టి ఉంచే జాకెట్ కింద దోపి ఉంటాయి, కంప్యూటర్ చేతికి ఉంటుంది.

ఇక సేటు సంగతి. అసలు కథ ఆయన కూతురిది. పగలు మట్టెవాడ దుకాణంలో గల్లా మీద కూర్చుని, సాయంత్రం మా పూల్‌కు వచ్చేది. నీళ్లలో ఆమెకున్న నిదానం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. డైవ్ గైడ్ పరీక్ష కూడా పాసై, నాకు సహాయంగా పనిచేస్తోంది. ఆ వానాకాలంలో ఆమెకు అండమాన్‌లో డైవింగ్ టీచర్ల కోర్సులో సీటు వచ్చింది. కోర్సు అయితే అక్కడే ఉద్యోగం. సేటు వినగానే తీసిపారేశాడు. సముద్రంలో మునగడం నేర్పడం కూడా ఒక నౌకరీయేనా అని ఆయన ప్రశ్న. తండ్రీకూతుళ్లు వానలు పోయేదాకా వాదించుకున్నారు. ఆఖరికి ఆయనే ఒక దారి చెప్పాడు.

"నేనే దిగి చూస్త. నీ చెయ్యి వట్టుకొనే దిగుత. నా దిల్‌కు మంచిగనిపిస్తే పో. లేకుంటే గల్లా మీద కూసో, మల్ల గీ ముచ్చట తియ్యద్దు. మంజూరా?"

"మంజూర్ బాపూ," అంది ఆమె, ఆలోచించకుండా. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అన్నా, బాపు ఒక్కసారి సక్కగ దిగి సక్కగ పైకొస్తే సాలు. నా బతుకు గా ఒక్క డైవ్ మీదున్నది," అంది. నవ్వుతూనే అంది.

సేటు ఆదివారాలు పూల్‌కు రావడం మొదలుపెట్టాడు. భారీ మనిషి. ఎన్ని సీసం దిమ్మలు కట్టినా పైకి తేలేవాడు. "రామప్ప గుడి ఇటుకలు నీళ్లల్ల తేల్తయట. నేను గా ఇటుకలతోని వుట్టిన సారూ," అని ఆయనే నవ్వించేవాడు. ఊపిరి మాత్రం కమ్మరి కొలిమితిత్తి. కూతురు సిలిండర్ సగానికి రాకముందే ఆయనది ఖాళీ అయ్యేది. పైగా చత్వారం. కళ్లద్దాలు తీసి మాస్కు పెట్టుకున్నాక ముల్లు గేజీ మీది గీతలు ఆయనకు అలికినట్టు కనబడేవి. గేజీని చెయ్యి చాపినంత దూరం పట్టుకుని, తల వెనక్కి వంచి చూసేవాడు. కనబడకపోతే కంగారు, కంగారుకు ఊపిరి ఇంకా ఎక్కువ.

ఆయన చేతికి కొత్త కంప్యూటర్ కట్టిన రోజు నేను పూల్ అడుగున ఎదురుగా ఉన్నాను. తెర మీద వేలెడంత అంకెలు వెలిగాయి. ఆయన కళ్లు మాస్కు వెనక గుండ్రంగా అయ్యాయి. పైకి రాగానే అరిచాడు:

"అరే, నూట తొంబై! దుకాణం బోర్డు లెక్క కనవడతాంది గదనే! ఇన్నొద్దులు గిది ఏడ దాశిండ్రు?"

ఓనరన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి సేటు ఊపిరి కాస్త నెమ్మదించింది కూడా. నేను నా అభ్యంతరాల్లో సగం వెనక్కి తీసుకున్నాను. నలభై దాటిన కళ్లకు ఆ పెద్ద అంకె షోకు కాదు, మందు.

జతలు తారుమారు కాకుండా ఉండటానికి నేనొక ఏర్పాటు చేశాను. మొదటి జతకు ఎర్ర స్టిక్కర్, రెండో జతకు నీలం. ట్రాన్స్‌మిటర్ మీద ఒకటి, కంప్యూటర్ పట్టీ మీద ఒకటి. ఎర్రది సేటుకు, నీలం కూతురికి. ఇంజనీర్ చేసే ఏర్పాట్లన్నీ కాగితం మీద బాగుంటాయి. మహానవమి సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

సేటు దుకాణంలో ఆయుధ పూజ మామూలుగా జరగదు. కత్తెర్లు, మీటరు కర్రలు, కుట్టు మిషను, బిల్లులు కొట్టే కంప్యూటరు, తాళం కప్పలు, అన్నీ విప్పగలిగినంత విప్పి తుడిచి వరసగా పెడతారు. మరునాడు డైవ్ అనగా ఆయన మా సామాను కూడా తెప్పించుకున్నాడు. "నా పానం దేని మీద వెడతాన్ననో దానికి పూజ చెయ్యకుండ ఎట్ల దిగుత?" అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఇంజనీరింగ్ కారణం ఏదీ లేదు. పసుపు లోపలికి పోకూడదని కూతురు రెండు ట్రాన్స్‌మిటర్లనూ విప్పి పళ్లెంలో పెట్టింది. సేటు వాటిని తుడుస్తూ స్టిక్కర్లు గోకి పారేశాడట. "దేవుని ముంగట గీ అతుకులేంది?" అని. తర్వాత రెంటికీ ఒకే తీరు బొట్టు పెట్టాడు.

క్వారీ గట్టు మీద నేను అడిగాను. "స్టిక్కర్లేవి చెల్లె?"

"బాపు పీకేసిండన్నా. నేను మల్ల బిగించి ఆన్ చేసి చూసిన. రెండు మంచిగనే పనిచేస్తున్నయి."

నేనూ చూశాను. ఒకే కంప్రెసర్‌తో నింపిన సిలిండర్లు కదా. సేటు చేతి మీద నూట తొంబై తొమ్మిది, ఆమె చేతి మీద రెండు వందలు. రెండు అంకెలూ బాగున్నాయి. బాగానే ఉన్నాయి అనుకున్నాం.

ఆ క్వారీలోకి దిగడానికి గొప్ప సౌకర్యం ఒకటి ఉంది. ఒకప్పుడు రాళ్లు ఎత్తుకుపోవడానికి లారీలు దిగిన వాలుబాట అట్లాగే నీళ్లలోకి పోతుంది. సంతలోకి నడిచినట్టు నడిచి దిగవచ్చు. వానలకు నిండి, బురద పేరి, నీళ్లు ఆకుపచ్చ గాజులా ఉన్నాయి. ఓనరన్న తాడు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. సేటు చేతులు జోడించి, "దశమి నాడు షురూ చేసిన పని చెడిపోదు," అన్నాడు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకున్నాడు. నేను ముందు, వాళ్లిద్దరూ వెనక. తల మునిగింది.

నేను వందల సార్లు దిగాను. అయినా ఒక మనిషి మొదటిసారి దిగుతుంటే ఆ ముఖం చూడటం మాత్రం ప్రతిసారీ కొత్తే. సేటు మొదట కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. జిలేబి చేపల గుంపు ఒకటి ఆయన మాస్కు ముందు నుంచి పోయింది. ఆయన నోట్లో రెగ్యులేటర్ ఉన్నా ఏదో కేక పెట్టాడు, బుడగలు జల్లున లేచాయి. లారీల చక్రాల గుర్తులు ఇంకా రాయి మీద ఉన్నాయి. వాటిని వేలితో తడిమాడు. ఒక గోడ నిండా డ్రిల్లు దింపిన గాడులు, మీటరు కర్రతో గీసినట్టు నిటారుగా. ఆయన వాటిని చూసి కూతురి భుజం తట్టి తట్టి చూపిస్తున్నాడు. ఆమె కళ్లలో మెరుపు నాకు కనబడుతూనే ఉంది. పని అయిపోతోంది అనుకున్నాను. ఆమె అండమాన్ పోతోంది.

పది నిమిషాలకు గాలి ఎంత అని చేతితో అడిగాను. సేటు వేళ్లతో చెప్పాడు: నూట ఎనభై. కూతురు చెప్పింది: నూట యాభై.

ఇది తలకిందులుగా ఉంది. కొలిమితిత్తికి ఎక్కువ మిగలడమేమిటి, నిదానపు పిల్లకు తక్కువ మిగలడమేమిటి? కానీ నాకు వెంటనే ఒక అందమైన కారణం దొరికింది. అంకె కళ్ల ముందు ఉంది కాబట్టి సేటు నెమ్మదించాడు. తండ్రి ముందు పరీక్ష కాబట్టి ఆమె భయపడుతోంది. ఓనరన్నకు పైకి పోయి క్షమాపణ చెప్పాలని కూడా అనుకున్నాను. ఇంత మంచి వస్తువును తిట్టినందుకు. చదువుకున్నవాడి కష్టం ఇది. తప్పుడు అంకెకు కూడా కారణం చెప్పగలడు.

ఇరవై నిమిషాలకు మళ్లీ అడిగాను. సేటు నూట యాభై అయిదు. కూతురు వంద. మేం ముందుగా అనుకున్న ప్రకారం ఎవరిది వందకు వచ్చినా అందరం వెనక్కి తిరగాలి. ఆమె తిరుగుదామని సైగ చేసింది. సిగ్గుపడినట్టు కనబడింది.

సేటుకు తిరగడం ఇష్టం లేదు. కాస్త అవతల, లోతైన మూలలో, క్వారీ మూసేసిన రోజు వదిలేసి పోయిన పెద్ద గ్రానైట్ దిమ్మ ఉంది. దాన్ని చూడాలని ఆయన పట్టు. కూతురి చేతి మీది వంద చూశాడు. తన చేతి మీది నూట యాభై అయిదు చూసుకున్నాడు. తర్వాత ఆయన చేసిన పని చూసి నా గుండె పొంగింది. ప్రతి రెగ్యులేటర్ సెట్‌కూ పక్కవాడికి ఇవ్వడానికి పసుపు రంగు స్పేర్ మౌత్‌పీస్ ఒకటి ఉంటుంది కదా. పూల్‌లో నేర్పినట్టే, ఒక్క తడబాటు లేకుండా, తన జాకెట్ మీది స్పేర్ తీసి కూతురికి చాపాడు. నా దగ్గర చాలా ఉంది, తీసుకో బిడ్డా, అన్నట్టు.

ఆమె నా వైపు చూసింది. గాలి పంచుకోవడం ఎలాగూ చేయించాల్సిన అభ్యాసమే. తనంతట తానే చేస్తున్నాడు. ఆయన సిలిండర్‌లో నూట యాభై అయిదు ఉంది. సరే అన్నాను, కాసేపే అన్నాను. ఆమె తన రెగ్యులేటర్ తీసి తండ్రి స్పేర్ నోట్లో పెట్టుకుంది. చేయీ చేయీ పట్టుకుని, ఒకే సిలిండర్ పీలుస్తూ, ఇద్దరూ గ్రానైట్ దిమ్మ వైపు కదిలారు. ఆ క్షణంలో ఎవరైనా ఫొటో తీసి ఉంటే మా స్కూల్ బోర్డుకు అదే పెట్టేవాళ్లం.

దిమ్మ దగ్గరికి పోయేసరికి ఆమె ఆగింది. తన మణికట్టు చూసుకుంటోంది. రెండు ఊపిర్లు పీల్చి మళ్లీ చూసింది. తండ్రి మణికట్టు లాక్కుని చూసింది. తల ఎత్తి నన్ను చూసినప్పుడు ఆ కళ్లు వేరు.

దగ్గరికి పోయాను. ఆమె చేతి మీది అంకె ఎనభై ఆరు. నేను చూస్తుండగానే ఎనభై అయిదు. తర్వాత ఎనభై నాలుగు. సేటు చేతి మీద నూట యాభై అయిదు. అది కదలడం లేదు.

ఆమె తన సిలిండర్‌లోంచి పీల్చడం లేదు. అయినా ఆమె అంకె పడిపోతోంది. సేటు సిలిండర్‌ను ఇద్దరు పీలుస్తున్నారు. అయినా ఆయన అంకె అట్లాగే నిలబడి ఉంది. ఆమె రెండు చూపుడు వేళ్లను ఒకదాని మీద ఒకటి కత్తెరలా పెట్టి చూపించింది. మారిపోయాయి. నీలం బిగించాల్సిన చోట ఎర్ర, ఎర్ర బిగించాల్సిన చోట నీలం. పక్కపక్కనే ఈదుతున్నారు కాబట్టి సిగ్నల్ తెగలేదు. తండ్రి చేతి మీద ఉన్నది కూతురి గాలి. కూతురి చేతి మీద ఉన్నది తండ్రి గాలి.

నాకు చెమట పట్టింది. నీళ్ల కింద కూడా పడుతుంది. ఎందుకంటే మేం వెనక్కి తిరగడానికి సేటు చేతి మీద వంద కనబడాలని ఎదురుచూస్తున్నాం. ఆమె తన సిలిండర్ ముట్టనంతసేపూ ఆ వంద రాదు. ఆయన సిలిండర్ ఖాళీ అయ్యే క్షణం దాకా ఆ తెర మీద నూట యాభై అయిదే వెలుగుతుంది.

నేను సేటు జాకెట్ కింద చెయ్యి పెట్టి గేజీ లాగాను. ముల్లు ఎనభై దగ్గర ఉంది. పైకి పోదామని బొటనవేలు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. దిమ్మకు ఇంకా చెయ్యి తగల్లేదు. తన మణికట్టు నా ముఖం ముందు పెట్టి, ఆ పెద్ద అంకెను వేలితో టపటపా కొట్టాడు. చూడు, ఉంది కదా! గేజీ చూపించాను. చెయ్యి చాపినంత దూరం పట్టుకుని, తల వెనక్కి వంచి, ఏమీ కనబడక పక్కకు నెట్టేశాడు. నీళ్ల కింద వాదించడానికి మాటలు లేవు. అంత మనిషిని బలవంతంగా లాగితే బెదురుతాడు, బెదిరితే ఆ ఎనభై చిటికెలో కరిగిపోతుంది. నేను నా స్పేర్ చేతిలో సిద్ధంగా పట్టుకుని ఆయన సిలిండర్ వాల్వు పట్టుకున్నాను. అంతకంటే నాకేమీ తోచలేదు.

ఆమెకు తోచింది. ముందు తండ్రి స్పేర్ వదిలి తన రెగ్యులేటర్ పెట్టుకుంది. తర్వాత తన చేతి కంప్యూటర్ పట్టీ విప్పింది. పట్టు జారితే అది అడుగుకు పోతుంది. అస్సలు తొందరపడలేదు. దాన్ని తండ్రి కుడి మణికట్టుకు కట్టింది. ఇప్పుడు ఆయనకు రెండు చేతులకూ రెండు అంకెలు. ఎడమ మీద నూట యాభై అయిదు, కుడి మీద డెబ్బై ఎనిమిది. ఆమె ఆయన ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది, ఊపిరి తీసుకో అన్నట్టు. ఆయన పీల్చాడు. కుడి అంకె డెబ్బై ఏడు అయింది. తర్వాత తాను పీల్చింది, ఆయన ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. కొంతసేపటికి నూట యాభై నాలుగు.

సేటు ఎడమ చెయ్యి చూశాడు. కుడి చెయ్యి చూశాడు. కూతురి ముఖం చూశాడు. ఎవరూ చెప్పకుండానే బొటనవేలు పైకి ఎత్తాడు.

పైకి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మా పద్ధతి. అక్కడ ఆమె తన జాకెట్ మీది స్పేర్ తీసి తండ్రికి చాపింది. ఆయన తన రెగ్యులేటర్ వదిలి అది తీసుకున్నాడు. ఆ మూడు నిమిషాలూ ఆయన కళ్లు ఎడమ చేతి మీదే ఉన్నాయి. పిసినారివాడు ఒక్కొక్క గింజ పెట్టినట్టు పీల్చాడు. అంత నెమ్మదిగా ఆయన ఊపిరి తీసుకోవడం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నీళ్ల పైకి రాగానే ఆయన మాస్కు నుదుటి మీదికి నెట్టి అడిగిన మొదటి మాట: "ఏందే, నా గాలి నువ్వు దీసుకున్నవా, నీ గాలి నేను దీసుకున్ననా?"

ఆమె దాచలేదు. దాచాలని నేనైతే అనుకున్నాను, ఇప్పుడు కాదు, గారెలు తిన్నాక చెబుదాం అని. ఆమె నీళ్లలో తేలుతూనే చెప్పేసింది. "ట్రాన్స్‌మిటర్లు మారినయి బాపూ. నిన్న పూజ అయినంక బిగించింది నేనే. నంబర్ వస్తాంది గదా అని చూసిన, అది ఎవలదో చూడలే."

"స్టిక్కర్లు పీకింది ఎవలు?"

"నువ్వే."

"మరి గది చెప్పవేందే?"

"నువ్వు పీకినా నేను చూసుకోవాలె గదా. గది నా పని."

సేటు వాలుబాట మీద నడిచి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు. ఓనరన్న పరుగెత్తుకొచ్చి సంగతి విని, ముఖం పాలిపోయి, "అంటే గీ కంప్యూటర్లు వద్దంటరా సేటూ?" అన్నాడు.

"వద్దని ఎవలన్నరు?" సేటు గారె అందుకున్నాడు. "చీటీ మారినంత మాత్రాన పట్టుచీర నూలుచీర అయితదా? చీటీ అంటించినోన్ని అడగాలె గని చీరనేమంటవ్? నా కండ్లకు గా నంబరే గావాలె. గొట్టం మీది ముల్లు నాకు గనవడది." నమిలి మింగాక నా వైపు తిరిగాడు. "సారూ, మా దుకాణంల బట్ట కొలిచేటోడు వేరే, కోసేటోడు వేరే. కొలిచినోడు గట్టిగ పలుకుతడు, రెండుంబావు మీటర్లు అని. కోసేటోడు అదే మాట మల్ల పలికినంకనే కత్తెర ఆడుతది. మా తాత కాలం సంది గంతే. మీరు ఒకలదొకలు పలుకరా?"

మేం పలకం అని చెప్పాను. ఇద్దరూ ఎవరి అంకె వాళ్లే చూసుకుంటామని చెప్పాను.

"గందుకే," అన్నాడు.

ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. మీరు ఇప్పుడు పూల్ గట్టు మీద చేసేది అదే. ఒకరు మాత్రమే పీలుస్తారు, గట్టిగా నాలుగు ఊపిర్లు. తన అంకె ఒక్కటే కదలాలి. కదిలినదాన్ని పైకి చదవాలి. పక్కవాడు ముల్లు గేజీ చూసి అదే అంకె తిరిగి చదవాలి. తర్వాత రెండోవాడు. ఇది ఏ పుస్తకం నుంచి వచ్చిందని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. బట్టల కొట్టు నుంచి అంటే నమ్మలేదు.

ఇక మీ ప్రశ్న. ఏడాదికి ఒకసారి సరదాకు దిగేవాళ్లు కొనకండి. అద్దె గేజీ చాలు, ఆ డబ్బుతో ఇంకో రెండు డైవులు చేయండి. తరచుగా దిగేవాళ్లు, చత్వారం వచ్చినవాళ్లు, ఇతరులను వెంట తీసుకుపోయేవాళ్లు కొనండి, నిస్సంకోచంగా. నేను సిఫారసు చేసి నలుగురితో కొనిపించాను కూడా. కానీ గొట్టం పీకకండి. ఓనరన్న ఇప్పుడు ఆ మాట ఎత్తడు.

ఆ సాయంత్రం జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకోవడానికి సేటు ఇంటికి పోయాను. ఆమె ఆకు ఇచ్చి తండ్రి కాళ్లకు మొక్కింది. కోర్సు గురించి ఒక్క మాట అడగలేదు. ముఖం చూస్తే ఆశ వదులుకున్నట్టే ఉంది. ఆయన ఆకు జేబులో పెట్టుకుని, చాలా మామూలుగా, "టికెట్ ఎప్పటికి తీసుడు?" అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నిజంగనా బాపూ? గంత గడబిడైనంక గూడనా?"

"గడబిడైంది గనకనే. ఒక్క గడబిడ గూడ కాకుండ దుకాణం నడిపిన్నని చెప్పేటోన్ని నేను నమ్మ. నీళ్ల కింద నా ముంగట నువ్వు గాబరా గాలే. నేను గల్లా కాడ కరెంటు పోతేనే గాబరా అయిత." వేలు చూపించాడు. "ఒక్క షరతు. ఒడ్డెక్కినంక సిలిండర్ల ఎంత మిగిలిందో నాకు పంపాలె. దినాం. నేను మల్ల పలుకుత."

ఆమె పోయింది. కోర్సు పూర్తి చేసింది, అక్కడే నేర్పుతోంది. దిగిన ప్రతి రోజూ సాయంత్రం తండ్రి ఫోన్‌కు ఒక్క అంకె వస్తుంది, మాటలేమీ ఉండవు. ఆయన దుకాణంలో అందరూ వినేటట్టు దాన్ని చదివి, అదే అంకె ఆమెకు తిరిగి పంపుతాడు. నేను నెలకోసారి చొక్కా గుడ్డకో, ఊరికేనో మట్టెవాడ పోతాను. నిన్న పోయినప్పుడు గల్లా మీద నుంచే ఫోన్ ఎత్తి చూపించాడు.

డెబ్బై నాలుగు.